పాత ఐసీడీ-9 కోడ్లు: ఫైలుతో మార్చడమా, చార్ట్ చూసి కొత్తగా వేయడమా?

రోగ నిర్ధారణలను రాసే కోడ్ల విషయంలో అమెరికా 2015 అక్టోబర్ 1న ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10-సీఎంకు మారింది. ఏ కోడ్ వాడాలన్నది సేవ జరిగిన తేదీని బట్టి ఉంటుంది, ఇన్‌పేషెంట్ అయితే డిశ్చార్జ్ తేదీని బట్టి. కాబట్టి పాత క్లెయిములను (బీమాకు పంపిన బిల్లులను) మార్చే పని లేదు. మార్చాల్సి వచ్చేది ప్రధానంగా రెండు చోట్ల: పేషెంట్ ప్రాబ్లమ్ లిస్టులో (రికార్డులోని జబ్బుల జాబితాలో) మిగిలిపోయిన పాత కోడ్లు, ఏళ్ల తరబడి డేటాను పోల్చే రిపోర్టులు.

రిపోర్టులకు జెమ్స్ ఫైలే, అంటే పాత కోడ్‌ను కొత్తదానితో, కొత్తదాన్ని పాతదానితో జతచేసే పట్టికే మేలు. లక్షల వరుసలకు చార్టులు (పేషెంట్ల వైద్య రికార్డులు) తెరవడం అయ్యే పని కాదు. అయితే ప్రతి వరుస చివరనున్న ఐదంకెల ఫ్లాగ్ చదవాలి. మొదటి అంకె 1 అయితే జోడు సుమారుది మాత్రమే. మూడోది 1 అయితే ఒక కోడ్‌కు బదులు రెండో మూడో కలిపి తీసుకోవాలి. అస్థిర ఆంజైనాతో కూడిన కరోనరీ జబ్బు ఐ25.110నే చూడండి. 10 నుంచి 9కి వెళ్లే ఫైలులో దానికి రెండు వరుసలుంటాయి: 414.01కి (కరోనరీ జబ్బు) 10111, 411.1కి (అస్థిర ఆంజైనా) 10112. రెండూ కావాలి. ఎక్సెల్‌లో వీలుకప్ (VLOOKUP, వెతికి తెచ్చే ఫార్ములా) పెడితే మొదటిదే దొరుకుతుంది, ఆంజైనా లెక్కలోంచి మాయం.

ఎక్సెల్‌తో ఇంకో తంటా. ఫైలులో కోడ్లకు చుక్క ఉండదు. సెప్టిసీమియా 038.9 అక్కడ 0389. ముందున్న సున్నా ఎగిరిపోతే 389, అంటే వినికిడి లోపం వర్గం! ఫైలు తెరిచేటప్పుడే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి.

వెళ్లిన దారినే తిరిగి రావచ్చనుకోకండి. అధిక రక్తపోటు కోడ్లు 401.0, 401.1, 401.9 మూడూ ఐ10కే పోతాయి. వెనక్కి తెస్తే 401.9 ఒక్కటే వస్తుంది. పైగా ఈ ఫైళ్లు 2018 ఎడిషన్‌తో ఆగిపోయాయి, ఆ తర్వాత వచ్చిన కోడ్లు వాటిలో లేవు.

ప్రాబ్లమ్ లిస్ట్ సంగతి వేరు. అక్కడి కోడ్ రేపటి క్లెయిములోకి పాకుతుంది కాబట్టి చార్ట్ తెరవాల్సిందే. చెవి ఇన్ఫెక్షన్ 382.9ని మారిస్తే హెచ్66.90 వస్తుంది, అంటే ఏ చెవో తెలియదని. డాక్టర్ మాత్రం కుడిచెవి, అక్యూట్ సప్యురేటివ్, కర్ణభేరి చిల్లుపడలేదు అని రాసి ఉండొచ్చు. అప్పుడు సరైన కోడ్ హెచ్66.001. 250.02 (అన్‌కంట్రోల్డ్ టైప్-2 డయాబెటిస్) ఇంకా మోసకారి. ఫైలు ఇ11.65 ఇస్తుంది, అంటే షుగర్ ఎక్కువైందని. కానీ ‘అన్‌కంట్రోల్డ్’ అంటే షుగర్ పడిపోవడం కూడా కావచ్చు, కోమా లేకుంటే అది ఇ11.649. నోట్‌లో ఏదో తేలకపోతే డాక్టర్‌కు క్వెరీ పంపాలి, ఊహించి వేయకూడదు.

కోడ్లు వెతికిపెట్టే ఎన్‌కోడర్ సాఫ్ట్‌వేర్ ఉందిగా అంటారా? వెతకడం వేగంగా జరుగుతుంది, అంతే. చార్ట్‌లో కుడో ఎడమో లేకపోతే అదీ ‘ఏ చెవో తెలియదు’ అనే కోడ్ దగ్గరే ఆగుతుంది.