వార్తల ముచ్చట్లకు వాట్సాప్ గ్రూపు ఎలా ఉంది?

ఐదారుగురు స్నేహితులు పొద్దున్నే వార్తలు పంచుకుని చర్చించుకోవడానికి వాట్సాప్ గ్రూపు చక్కగా సరిపోతుంది. మెసేజ్‌ను కుడివైపు జరిపితే దానికే జవాబు రాయొచ్చు. బడ్జెట్ చర్చ, బావిలో పడ్డ ఏనుగు ముచ్చట కలగాపులగం కావు. తప్పు రాస్తే 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు.

అసలు చూడాల్సింది ఫార్వర్డ్ అయి వచ్చిన మెసేజ్ మీద కనిపించే జంట బాణాల గుర్తు. ఆ మెసేజ్ కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. మంచి కట్టడి! కానీ మేటర్ కాపీ చేసి అతికిస్తే ఆ గుర్తు మాయం. స్క్రీన్‌షాట్‌తో ఇంకా చిక్కు: తేదీ, పత్రిక పేరు కత్తిరించేస్తే పాత వరద ఫొటో ఈరోజుదైపోతుంది. అందుకే లింకే పంపమనండి. ఫొటో మాత్రమే వస్తే, ఫొటోతోనే వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో వెతికాకే నమ్మండి.