ఎన్‌క్లెక్స్ కోసం ఏడు నెలలు ఒకే క్వశ్చన్ బ్యాంక్: నా అనుభవం

మొదటిసారి ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ (అమెరికాలో నర్స్ లైసెన్స్ కోసం రాసే పరీక్ష) రాసినప్పుడు నా దగ్గర క్వశ్చన్ బ్యాంక్ లేదు. రెండు లావుపాటి పుస్తకాలు, బీఎస్సీ నర్సింగ్ నోట్స్, ఐసీయూలో ఆరేళ్ళ అనుభవం ఉన్నాయి. అవి చాలనుకున్నాను. ఫెయిలయ్యాను. రెండోసారికి ఆన్‌లైన్‌లో ఒక క్వశ్చన్ బ్యాంక్ కొని ఏడు నెలలు దానితోనే చదివాను, పాసయ్యాను. ఏ కంపెనీదో ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివి మార్కెట్‌లో చాలానే ఉన్నాయి. ఏది కొన్నా వాడే పద్ధతి దాదాపు ఇదే కాబట్టి నాకు దేనికి ఉపయోగపడిందో, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో చెప్తాను.

ముందు ఆ ఫెయిల్ గురించి. పాస్ కానివాళ్ళకి ఒక రిపోర్ట్ వస్తుంది. ఒక్కో విభాగంలో మనం పాస్ ప్రమాణానికి పైన ఉన్నామా, దగ్గర్లో ఉన్నామా, కింద ఉన్నామా అని అందులో ఉంటుంది. మందుల విభాగంలో నేను పైనే ఉన్నాను. మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్‌లో కింద. 2023లో అమల్లోకి వచ్చిన టెస్ట్ ప్లాన్ ప్రకారం పరీక్షలో 15 నుంచి 21 శాతం ఈ విభాగమే, అన్నిటికన్నా పెద్దది. ఏ పేషెంట్‌ని ముందు చూడాలి, ఏ పని ఎవరికి అప్పగించాలి, పేషెంట్ హక్కులేమిటి, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. ఆరేళ్ళు వెంటిలేటర్ పేషెంట్లని చూసుకున్నదాన్ని, ఇందులోనే ఎలా పోయిందో అర్థంకాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

జవాబు క్వశ్చన్ బ్యాంక్ మొదటి వారంలోనే దొరికింది. నా స్కోరు 44 శాతం. తప్పులన్నీ వరసగా చూస్తే ఒకే పోలిక కనిపించింది. ఒక ప్రశ్న ఇంకా గుర్తుంది. వెన్నెముక పైభాగంలో దెబ్బ తగిలిన పేషెంట్, ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, బీపీ 210/110, ముఖం ఎర్రబడి చెమటలు. నర్స్ మొదట ఏం చేయాలి? నేను డాక్టర్‌కి చెప్పాలని పెట్టాను. మా వార్డులో అయితే అదే చేస్తాం, డ్యూటీ డాక్టర్ పక్క గదిలోనే ఉంటారు. సరైన జవాబు పేషెంట్‌ని లేపి నిటారుగా కూర్చోబెట్టడం. తర్వాత యూరిన్ క్యాథెటర్ ట్యూబ్ ఎక్కడైనా మడతపడిందేమో చూడాలి. వెన్నెముక దెబ్బ తగిలినవాళ్ళకి ఇలా ఉన్నట్టుండి బీపీ పెరిగిపోవడాన్ని అటానమిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటారు. దాని గురించి నాకు తెలియక కాదు, కాలేజీలో చదివిందే. కానీ ప్రశ్న కనబడగానే నా చేయి ఫోన్ వైపే వెళ్ళింది.

హ్యూస్టన్‌లో పనిచేస్తున్న మా సీనియర్ అక్కకి ఈ విషయం చెప్తే ఒకే మాట అంది: "డాక్టర్ వచ్చేలోపు నీ చేతులు ఏం చేస్తాయో అడుగుతున్నారే వాళ్ళు. అది చెప్పు." ఆ తర్వాత ఏడు నెలలూ నేను చేసిందంతా దాదాపు ఇదే పని.

అందుకే ఈ క్వశ్చన్ బ్యాంక్‌లో నాకు అన్నిటికన్నా విలువైనవి ప్రశ్నలు కావు, వాటి కింద ఉన్న వివరణలు. సరైన జవాబు ఎందుకు సరైనదో చెప్పి ఊరుకోదు. మిగతా మూడూ ఎందుకు కావో, వాటిలో ఏది రెండో అడుగుగా సరిపోతుందో కూడా రాస్తుంది. మొదట్లో రోజుకి 75 ప్రశ్నలు పెట్టుకుని వివరణలు గబగబా చూసి వదిలేసేదాన్ని. నెల తిరిగినా స్కోరు 50 దాటలేదు. తర్వాత రోజుకి 30కి తగ్గించి, ప్రతి వివరణా పూర్తిగా చదివాను. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు మా వార్డులో ఏం చేస్తామో, కుడివైపు పరీక్షలో అది ఎందుకు తప్పో రాసుకున్నాను. నిజంగా మార్పు వచ్చింది అక్కడే.

ఆ నోట్‌బుక్‌లో ఎక్కువ పేజీలు పట్టినవి రెండు. ఒకటి పని అప్పగించడం. మన దగ్గర స్టాఫ్ నర్స్, స్టూడెంట్స్, ఆయమ్మ, వార్డ్ బాయ్. అమెరికాలో ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్), ఆమె కింద ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్), ఆ కింద నర్సింగ్ అసిస్టెంట్ అని మెట్లుంటాయి. మొదటి అసెస్‌మెంట్, పేషెంట్‌కి నేర్పించడం, ఫలితాన్ని అంచనా వేయడం, ఈ మూడూ ఆర్‌ఎన్ ఎవరికీ ఇవ్వకూడదు. నిలకడగా ఉండి, తర్వాత ఏమవుతుందో ఊహించగలిగే పేషెంట్‌ని ఎల్‌పీఎన్‌కి ఇవ్వొచ్చు. ఈ ఒక్క సూత్రం వంటబడితే చాలా ప్రశ్నలు సులువైపోతాయి.

రెండోది నాకు మనసుకి కష్టమైంది. కొడుకు వచ్చి "నాన్నకి క్యాన్సర్ అని చెప్పొద్దు సిస్టర్" అంటాడు. నర్స్ ఏమనాలి? ఈ రకం ప్రశ్న మూడుసార్లు తప్పు చేశాను. మన ఐసీయూ బయట పేషెంట్ల బంధువులు రోజూ చేతులు పట్టుకుని అడిగే మాటే అది. మనం సరేనంటాం, అందులో ఆ కుటుంబం పట్ల దయ కూడా ఉంటుంది. పరీక్షలో మాత్రం స్పృహలో ఉండి ఆలోచించగలిగే పెద్దమనిషికి తన జబ్బు గురించి తెలుసుకునే హక్కు ఉంది, వద్దనే హక్కు కూడా అతనిదే. చదివేకొద్దీ నా అభిప్రాయం కూడా మారింది. ఇప్పుడు వార్డులో కూడా ముందు పేషెంట్ వైపు తిరిగి మాట్లాడుతున్నాను.

మందుల పేర్లకి ఒక పేజీ వేరే పెట్టుకోండి. మన పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, ఎడ్రినలిన్ ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ ఆల్బ్యుటెరాల్, పెథిడిన్ మెపెరిడిన్. బరువు పౌండ్లలో ఇస్తే 2.2తో భాగించి కిలోల్లోకి మార్చుకోవాలి. ఇవి చిన్నవే కానీ డోసు లెక్కలో సమయం తినేస్తాయి.

2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త పద్ధతి ప్రశ్నలకి ఈ బ్యాంక్ బాగా సిద్ధం చేసింది. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, అయిదు గంటలు. మార్కులు లెక్కించే కేస్ స్టడీలు మూడు, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. కేస్ షీట్ లాగానే నర్స్ నోట్స్, వైటల్స్, ల్యాబ్ రిపోర్టులు వేర్వేరు ట్యాబుల్లో ఉంటాయి. ఏ లక్షణం ముఖ్యమో పట్టుకోవడం దగ్గర మొదలుపెట్టి, చేసిన పని ఫలించిందో లేదో చూడడం దాకా ఆరు ప్రశ్నలూ వరుసగా నడుస్తాయి. ఐసీయూ వాళ్ళకి ఇది రోజూ చేసే ఆలోచనే, అందుకే నాకు వీటిలో స్కోరు బాగా వచ్చింది. "వర్తించేవన్నీ ఎంచుకోండి" అనే ప్రశ్నలకి ఇప్పుడు పాక్షిక మార్కులున్నాయి. అయితే తప్పుది పెడితే ఒక మార్కు పోతుంది, ఆ ప్రశ్నకి వచ్చింది సున్నా కంటే కిందకి మాత్రం దిగదు. అనుమానంగా ఉన్నదాన్ని వదిలేయడం నేను ఇక్కడ ప్రాక్టీస్ చేసే నేర్చుకున్నాను.

ఇక ఇబ్బందులు. రెండో రౌండ్‌లో అవే ప్రశ్నలు చేస్తే స్కోరు 78కి వెళ్ళింది. అది చూసి సంతోషపడ్డాను, కానీ నిజం కాదు, జవాబులు గుర్తుండిపోయాయి అంతే. మొదటి రౌండ్ స్కోరునీ, ఒక్కసారే రాయగలిగే మోడల్ టెస్టులనీ మాత్రమే నమ్మండి. నా మొదటి రౌండ్ సగటు 58 దగ్గర ఆగింది, అయినా పాసయ్యాను. ఆ అంకె చూసి ఏడవాల్సిన పని లేదు. నైట్ డ్యూటీ బ్రేక్‌లో ఫోన్‌లో మామూలు ప్రశ్నలు చేసుకోవచ్చు గానీ, కేస్ స్టడీలు ఆ చిన్న తెర మీద చదవలేం. ల్యాప్‌టాప్ కావాల్సిందే.

డబ్బు దగ్గర పెద్ద తప్పు నాదే. పరీక్ష ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే ఇంకో 150. దానికి తోడు క్వశ్చన్ బ్యాంక్ కూడా డాలర్లలోనే. ఫెయిలయ్యాక మళ్ళీ రాయాలంటే 45 రోజులు ఆగాలని ఉంది కదా, రెండు నెలల్లో రాసేస్తానని మూడు నెలల ప్యాక్ వెంటనే కొనేశాను. కానీ దరఖాస్తు మళ్ళీ పెట్టాలి. ఈసారి లైసెన్స్ కోసం దరఖాస్తు పెట్టే అమెరికా రాష్ట్రం కూడా మార్చుకున్నాను కాబట్టి సర్టిఫికెట్ల పరిశీలన మొదటికొచ్చింది. ఒక ఆఫీసులో నా కాగితాలు నెలల తరబడి కదలలేదు. ప్రతి వీక్లీ ఆఫ్‌కి బస్సెక్కి వెళ్ళి అడిగి వచ్చేదాన్ని. ఆ ఆలస్యానికి ప్యాక్‌ని రెండుసార్లు పొడిగించాల్సి వచ్చింది. ఆ టెన్షన్‌లో చదివింది కూడా సరిగ్గా ఎక్కలేదు.

పరీక్ష హైదరాబాద్ సెంటర్లోనే రాశాను. పాస్‌పోర్ట్ చూపించాలి, ఫోటో తీస్తారు, అరచేతిని స్కాన్ చేస్తారు. బయటకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ స్కాన్ మళ్ళీ ఉంటుంది. ఒకసారి జవాబిచ్చి ముందుకెళ్తే వెనక్కి రాలేం, కాబట్టి ప్రాక్టీస్‌లో కూడా వెనక్కి వెళ్ళడం ముందే మానేయండి. 85 దాటాక కంప్యూటర్ ఆగలేదు. గుండె జారిపోయింది. అయితే మనం పాస్ గీతకి పైనో కిందో 95 శాతం నమ్మకంగా తేలేదాకా అది ప్రశ్నలిస్తూనే ఉంటుందని వివరణల్లో చదివి ఉన్నాను. ఇంకా తేల్చుకోలేదంటే నాకు ఇంకా అవకాశం ఉన్నట్టే అనుకుని, నీళ్ళు తాగొచ్చి మళ్ళీ కూర్చున్నాను. 112 దగ్గర ఆగింది. చివరి ప్రశ్నల్లో ఒకటి పని అప్పగించడం గురించే. నోట్‌బుక్ కుడివైపు పేజీ కళ్ళ ముందు కనబడింది.

కొనొచ్చా అని మా వార్డులో జూనియర్లు అడుగుతున్నారు. బేసిక్స్ మర్చిపోయినవాళ్ళు ముందు ఒక పుస్తకం తిరగేయాలి, ఇది పాఠం చెప్పదు. డ్యూటీ చేస్తూ చదివేవాళ్ళకి రోజుకి 30 ప్రశ్నలైతే మూడు, నాలుగు నెలలు పడుతుంది. కాబట్టి సర్టిఫికెట్ల పని చివరికొచ్చాక కొనండి. పరీక్షకి అనుమతి పత్రం చేతికొస్తే ఇంకా మంచిది, కాకపోతే దాని మీద ఉన్న గడువు లోపలే రాయాలి, అది చూసుకుని నెలలు లెక్కపెట్టుకోండి. ఈలోగా చేతిలో ఉన్న పుస్తకం చాలు.