రెండు గ్లాసుల పద్ధతి: పౌరహక్కుల దినంలో అడగాలా, ఠాణాకు పోవాలా?

వరంగల్ పల్లెల్లో ఏ హోటలోడన్నా దళితులకు వేరే గ్లాసు పెడితే రెండు దారులున్నాయి.

నెలనెలా 30న అధికారులు జరిపే పౌరహక్కుల దినంలో అడగడం ఒకటి. ఖర్చుండదు, కూలి పని ఇచ్చేవాళ్లతో తగాదా ముదరదు. కానీ సభ దళితవాడలో కాకుండా పంచాయతీ ఆఫీసులో పెడితే బాధితులు నోరు విప్పరు. అధికారులు అందరితో కలిసి చాయ్ తాగి వెళ్తారు, మర్నాడు మళ్లీ అదే గ్లాసు. చెప్పింది రాయించి సంతకాలు తీసుకోవాలి.

ఠాణా దారి గట్టిది. 1955 పౌరహక్కుల చట్టం కింద జైలు నెల నుంచి 6 నెలలే. 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద 6 నెలల నుంచి 5 ఏళ్లు. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ తేల్చింది. దర్యాప్తు ఎస్సై కాదు, డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, పోలీసు కమిషనరేట్ పరిధిలోనైతే ఏసీపీ. కేసు బలహీనపడేది దరఖాస్తులోనే. "కులం పేరుతో అవమానించిండు" అని రాస్తే సరిపోదు. అన్న మాట అన్నట్టే, తేదీ, చోటు, చూసినవాళ్ల పేర్లు రాయాలి. కుల ధ్రువపత్రం జతచేయాలి, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా అడిగి తీసుకోవాలి. ఫిర్యాదు తీసుకోకుంటే అట్రాసిటీ హెల్ప్‌లైన్ 14566కు ఫోన్ చేయాలి.

సభలో ఒకసారి చెప్పినా గ్లాసు మారలేదంటే, వచ్చే నెల 30 దాకా ఆగొద్దు.