లిఫ్ట్ చేసిన పాత పికప్ కొంటున్నారా? కొత్త స్టీరింగ్ డ్యాంపర్ కనబడితే డబ్బు కట్టకండి, ముందు కిందికి దూరి చూడండి

డాలస్ చుట్టుపక్కల సెకండ్‌హ్యాండ్ పికప్ ట్రక్కు వెతుకుతున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. ఎత్తు పెంచిన ట్రక్కు, 35 అంగుళాల టైర్లు, అడుగుభాగమంతా తుప్పూ మట్టీ. వాటి మధ్య స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుని అణిచే గొట్టంలాంటి భాగం) ఒక్కటే నిన్న డబ్బాలోంచి తీసినట్టు మెరుస్తోందంటే, ఆ బండికి ఏదో జబ్బుంది, అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు. నాకు అంటగట్టింది సరిగ్గా అలాంటి బండే.

డీలరు పేరు ఇక్కడ రాయను. ఊరి బయట కాస్త జాగా తీసుకున్నాక ట్రెయిలర్ లాగడానికి పెద్ద ట్రక్కు కావాల్సొచ్చింది. టెస్ట్ డ్రైవ్‌కి దారి సేల్స్‌మాన్ చెప్పాడు. కొత్తగా వేసిన రోడ్డు, అడుగడుక్కీ సిగ్నల్. 40 మైళ్ళు దాటితే ఒట్టు. హైవే ఎక్కుదామంటే డీలర్ ప్లేటుతో అటు పంపం అన్నాడు. బండి నా పేరు మీదికి వచ్చాక సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద, వంతెన మొదట్లో కాంక్రీటు అతుకు తగిలింది. అంతే, స్టీరింగ్ ఇటూ అటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఏదో చిన్న వణుకు అనుకునేరు. రెండు చేతులతో పట్టుకున్నా ఆగదు, ముందు ఇరుసంతా ఊడి వస్తుందేమో అన్నంతగా కుదిపేసింది. వేగం బాగా పడిపోయాక గానీ శాంతించలేదు. ఇక్కడివాళ్ళు దీన్నే డెత్ వాబుల్ అంటారు.

మీకెప్పుడైనా ఇది ఎదురైతే బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, బండిని దానంతట దాన్నే నెమ్మదించనిచ్చి పక్కకి తీసుకోండి.

వెనక్కి తీసుకెళ్తే డీలరు మొదట చెప్పింది టైర్ బ్యాలెన్స్. చేయించాను, తేడా లేదు. తర్వాత "లిఫ్ట్ చేసినవన్నీ ఇంతే, అలవాటైపోతుంది" అన్నాడు. ఈ మాట పచ్చి అబద్ధం. సరిగ్గా లిఫ్ట్ చేసిన ట్రక్కు తిన్నగా పోతుంది. బ్యాలెన్స్ సంగతీ వేరు: అది పోయినా, రిమ్ము వంగినా నున్నటి రోడ్డు మీద కూడా 60, 70 మైళ్ళ దగ్గర సన్నటి వణుకు వస్తుంది. ఏ గుంతో తగిలాక ఒక్కసారిగా మొదలై, వేగం తగ్గేదాకా వదలనిదైతే ఎక్కడో లూజు ఉన్నట్టే.

ఇది ముఖ్యంగా ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉండే బళ్ళ జబ్బు. ర్యామ్ 2500, 2005 తర్వాతి ఫోర్డ్ సూపర్ డ్యూటీల్లో ఫోర్ వీల్ డ్రైవ్‌వి, జీప్ గ్లాడియేటర్ ఆ కోవలోకి వస్తాయి. ఎఫ్-150, టకోమా లాంటి వాటిలో చక్రాలు విడివిడిగా ఆడతాయి కాబట్టి వాటి గొడవలు వేరే. ఒకే ఇరుసున్న బండిలో, ఆ ఇరుసు పక్కకి జరక్కుండా పట్టి ఉంచేది ట్రాక్ బార్ అనే ఒక్క కడ్డీ. దాని ఒక కొస ఫ్రేముకి, ఇంకో కొస ఇరుసుకి. బండిని ఎత్తితే ఈ కడ్డీ ఏటవాలుగా అయిపోయి ఇరుసును డ్రైవర్ వైపుకి లాగుతుంది. చక్రాలను తిప్పే డ్రాగ్ లింకు వాలు కూడా మారుతుంది. క్యాస్టర్ కోణం, అంటే చక్రం తిరిగే కీలు వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గి, చక్రం తనంతట తాను తిన్నబడే గుణం పోతుంది. మంచి కిట్టులో వీటన్నిటికీ విరుగుడు ఉంటుంది: పొడవు సర్దుకునే ట్రాక్ బార్, దానికో బ్రాకెట్, ఇరుసు ముందుకీ వెనక్కీ జరక్కుండా పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌లు. చవకగా కానిచ్చేవాళ్ళు స్ప్రింగు మీద స్పేసర్ పెట్టి, పెద్ద టైర్లు తగిలించి చేతులు దులుపుకుంటారు.

ఇందులో డ్యాంపర్ పాత్ర చాలా చిన్నది. అది స్టీరింగ్‌కి పెట్టిన షాక్ అబ్సార్బర్, అంతకుమించి ఏమీ కాదు. దాన్ని మార్చడమంటే జ్వరానికి నుదుటి మీద తడిగుడ్డ వేయడమే. కొన్నాళ్ళు ఊపు కనబడదు. ఆ కొన్నాళ్ళలో బండి అమ్ముడుపోతే చాలు వాళ్ళకి.

కొనేముందు చేయాల్సిన పరీక్షకి పైసా ఖర్చు లేదు. జాకీ అక్కర్లేదు, అసలు చక్రాలు నేల మీదే ఉండాలి. పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకి అడ్డం పెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉండగా తోడు వచ్చినవాళ్ళని స్టీరింగ్ కొంచెం ఎడమకీ కొంచెం కుడికీ ఆగకుండా ఆడించమనండి. మీరు టార్చిలైటుతో కింద చూడండి. ట్రాక్ బార్ రెండు కొసల దగ్గర బోల్టు పక్కకి కదులుతోందా? వేలు ఆనిస్తే 'టక్ టక్' తెలుస్తోందా? అక్కడ వెంట్రుకవాసి లూజు కూడా ఉండకూడదు. తర్వాత డ్రాగ్ లింకు, రెండు చక్రాలనీ కలిపే టై రాడ్ చివర్లు లూజుగా ఉన్నాయేమో, స్టీరింగ్ బాక్సు ఫ్రేము మీద కదులుతోందేమో చూడండి. బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు మాత్రం చక్రం ఎత్తితేనే తేలతాయి. ఆ పని డీలరుతో సంబంధం లేని మెకానిక్కుకి అప్పజెప్పండి, ఇచ్చే డబ్బు ఎక్కడికీ పోదు. బయటి మెకానిక్కుకి చూపించనివ్వం అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నా బండిని విప్పిన మెకానిక్ చూపించింది: ఫ్రేము వైపు ట్రాక్ బార్ బోల్టు రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చేసింది, లోపలి రబ్బరు బుష్ చీలిపోయింది. పైగా స్టీరింగ్ బాక్సు నుంచి డ్రాగ్ లింకుని కదిపే పిట్‌మన్ ఆర్మ్ కిందికి దిగి ఉండే రకంది వేసి, ట్రాక్ బార్‌కి మాత్రం పాత బ్రాకెట్టే ఉంచారు. డ్రాగ్ లింకూ ట్రాక్ బారూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే గుంతలో పడ్డప్పుడల్లా బండి తనంతట తాను మలుపు తీసుకుంటుంది. కొత్త బ్రాకెట్, కొత్త బార్ వేసి, చివర్న అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ సరిచేశాక అదే వంతెన మీద అదే వేగంతో నిశ్చింతగా వెళ్తోంది. ఖర్చంతా నాదే. ఈ పని చేయించుకునేవాళ్ళకి ఒక్క మాట: బుష్ ఉన్న బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉండగానే ఆఖరి బిగింపు బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే, కిందికి దింపగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

డీలరు మీద కేసు వేయొచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. కిటికీకి అంటించి ఉండే బయ్యర్స్ గైడ్ కాగితంలో 'యాజ్ ఈజ్' (ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా) గడిలో టిక్కు ఉంటే, తర్వాత వచ్చే రిపేర్లు మన నెత్తినే. లోపాలు బాగుపడని బండి విషయంలో కొన్నవాళ్ళని కాపాడే టెక్సస్ లెమన్ చట్టం ప్రధానంగా కొత్త బళ్ళకి. మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చన్న మాట కూడా డీలరు దగ్గర కొన్న కారుకి వర్తించదు. పైగా 2025 జనవరి నుంచి ఈ రాష్ట్రంలో సొంత వాహనాలకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. మన డాలస్, కొలిన్, డెంటన్ కౌంటీల్లో మిగిలింది పొగ పరీక్షే, అందులో స్టీరింగ్ ఎవరూ చూడరు. కాబట్టి అద్దం మీద కొత్త రిజిస్ట్రేషన్ స్టిక్కర్ ఉంది కదా అని బండిని నమ్మకండి. 'ఏదైనా తేడా వస్తే మేమే చూసుకుంటాం' అని సేల్స్‌మాన్ అంటే, ఆ మాటే బయ్యర్స్ గైడ్ మీద రాసి సంతకం పెట్టమనండి. నేను అడిగినప్పుడు ఆయన మేనేజర్ని పిలుస్తానని లోపలికి వెళ్ళాడు. మేనేజర్ బయటికి వచ్చి మాట్లాడింది టైర్ల గురించి.