కఖోవ్కా డ్యామ్: పాత క్లాజా, కొత్త నేరమా?

2023 జూన్ 6న ఉక్రెయిన్‌లో కఖోవ్కా డ్యామ్ తెగింది. దిగువన ఊళ్లు మునిగాయి. ఎగువన రిజర్వాయర్ ఖాళీ అయి, బురదలో చేపలు గుట్టలుగా చచ్చిపడ్డాయి. అప్పటికి డ్యామ్ రష్యా సేనల చేతిలో ఉంది. రష్యా మాత్రం తన పని కాదంటోంది. సరే, కేసు పెట్టాలంటే దేని కింద?

ఇప్పుడున్నది 1998 నాటి రోమ్ శాసనం (హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పునాది అయిన ఒప్పందం), 8వ అధికరణలోని పర్యావరణ క్లాజు. పర్యావరణానికి నష్టం విస్తృతంగా ఉండాలి, దీర్ఘకాలం ఉండాలి, తీవ్రంగానూ ఉండాలి. మూడూ కావాలి! అంతటితో అయిపోలేదు. ఆశించిన సైనిక ప్రయోజనంతో పోలిస్తే నష్టం మరీ మితిమీరిందని, అది తెలిసే దాడి చేశారని నిరూపించాలి. పైగా ఇది దేశాల మధ్య యుద్ధాలకే. అంతర్యుద్ధంలో అడవిని తగలబెడితే ఈ క్లాజుకు పట్టదు. దీని కింద హేగ్ కోర్టులో ఇంతవరకు ఎవరికీ శిక్ష పడలేదంటే ఆశ్చర్యమేముంది?

రెండోది ఎకోసైడ్, అంటే పర్యావరణాన్ని భారీగా నాశనం చేయడమనే నేరం. 2021లో నిపుణులు రాసిన నిర్వచనం ప్రకారం నష్టం తీవ్రంగా ఉండి, విస్తృతమో దీర్ఘకాలికమో ఏదో ఒకటైతే చాలు. 'మరియు' పోయి 'లేదా' వచ్చింది. లాయర్లకు ఆ ఒక్క మాట చాలు. యుద్ధం లేకున్నా వర్తిస్తుంది. 2024లో వనువాతు, ఫిజి, సమోవా దీన్ని కోర్టు పరిధిలో చేర్చమని అడిగాయి.

నా ఓటు దీనికే. చిక్కల్లా ఒకటే: రేపు చేర్చినా వెనకటి తేదీతో పనిచేయదు. కఖోవ్కాకు హేగ్‌లో ఆ పాత క్లాజే గతి. ఉక్రెయిన్ సొంత కోర్టుల్లో అయితే ఎకోసైడ్ ఇప్పటికే నేరం, 441వ సెక్షన్.