హనుమకొండ సంఘంలో ప్రశ్నల గంట
హనుమకొండలో మేము వెళ్లే క్రైస్తవ సంఘం ఆరాధన తర్వాత పెద్దలనూ యువతనూ కలిపి కూర్చోబెట్టి నడిపే ప్రశ్నల గంటకు నాలుగు వారాలుగా వెళ్తున్నాను. పరిణామ సిద్ధాంతం చదివిన ఒక విద్యార్థిని బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండంలోని ఆరు దినాల సృష్టి గురించి అడిగినప్పుడు, పాస్టరుగారు ఆమె విశ్వాసాన్ని శంకించకుండా, దినమని మనం చదివే ‘యోమ్’ అనే హెబ్రీ మాటకు ‘కాలం’ అనే అర్థమూ ఉందని, అయిదో శతాబ్దంలోనే క్రైస్తవ వేదపండితుడు అగస్టీను ఆ దినాలను మామూలు రోజులుగా చదవలేదని ఓపికగా వివరించారు. వెనుక కూర్చున్న ఒక అమ్మమ్మ కళ్లజోడు తుడుచుకొని ఆ వచనాన్ని మనవరాలి చేత మళ్లీ చదివించుకున్నారు. పాటల విషయంలో పేచీ లేదు, పాత కీర్తనలకు కీబోర్డు తోడైంది. అయితే దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1976లోనే స్త్రీకి గురు అభిషేకం ఇచ్చి పాస్టరును చేయగా, ఇక్కడ ఆ ప్రశ్నను రెండుసార్లు వాయిదా వేయడం నన్ను బాధించింది. గంట సమయం చాలడం లేదు. అయినా మీ పిల్లలు గుడికి రావడం మానేస్తుంటే, వారిని వెంటబెట్టుకొని ఒకసారి తప్పక రండి.