ది ఫ్యామిలీ స్టోన్: పండుగ భోజనంలో గే కొడుకు

థామస్ బెజూచా దర్శకత్వంలో 2005లో వచ్చిన ‘ది ఫ్యామిలీ స్టోన్’లో క్రిస్మస్‌కు ఇల్లు చేరిన పిల్లలు, జబ్బును దాచుకున్న తల్లి, ధారాళంగా కన్నీళ్లు, అన్నీ ఉన్నాయి. అయినా నాలాంటి గే ప్రేక్షకులకు ఈ సినిమా గుర్తుండిపోయేది ఒక్క భోజన సన్నివేశం వల్లనే.

ఆ ఇంటి కొడుకు థాడ్‌కు వినికిడి లేదు, అతడు గే. భాగస్వామి ప్యాట్రిక్‌తో కలిసి బిడ్డను దత్తత తీసుకోబోతున్నాడు. పెద్దకొడుకు వెంట వచ్చిన అతడి ప్రియురాలు మెరెడిత్, బిడ్డ గే కావాలని ఏ తల్లిదండ్రులూ కోరుకోరు కదా అని వాదించబోయి, మాట సర్దుకునే కొద్దీ మరింత కూరుకుపోతుంది. తండ్రి గట్టిగా అరిచి ఆపేశాక, డయాన్ కీటన్ పోషించిన తల్లి అందరి ఎదుటా కొడుకు వైపు తిరిగి, నోటితో పలుకుతూనే సంజ్ఞా భాషలో తన ప్రేమను చెబుతుంది. సొంత ఇంట్లో ఇలాంటి ప్రశ్నలకు తలవంచుకుని కూర్చున్నవారికి ఆ తల్లిని చూస్తే గొంతు పూడుకుపోతుంది; నాకూ అంతే అయింది.

అయితే నా అసంతృప్తి కూడా ఇక్కడే మొదలవుతుంది. మిగిలిన అన్నదమ్ములు తప్పటడుగులు వేస్తూ, మనసులు మార్చుకుంటూ ద్వితీయార్ధమంతా ఆక్రమించగా, థాడ్, ప్యాట్రిక్‌లకు మంచితనం తప్ప సొంత కథ లేదు. వాళ్లిద్దరూ ఒక్కసారైనా గొడవపడి ఉంటే నేను ఇంకా ఎక్కువగా ప్రేమించేవాణ్ణి.